రోజులో ఏ గంట ఎవరిది? – అమెరికాలో ఆఫ్రికన్ బానిసల దినచర్య

అందరికీ నమస్కారం.

ఈ సాయంత్రం నేను యుద్ధాల గురించి, అధ్యక్షుల గురించి మాట్లాడను. అబ్రహాం లింకన్ పేరు మనకి స్కూలు పాఠాల నుంచే తెలుసు. కానీ ఎవరి విడుదల కోసం ఆ పేరు చెప్పుకుంటామో ఆ మనుషులు పొద్దున ఎప్పుడు లేచేవాళ్లు, ఏం తినేవాళ్లు, చంటిబిడ్డని ఎవరి దగ్గర వదిలి పనికి వెళ్లేవాళ్లు అన్నది మనలో చాలామందికి తెలియదు. బానిసత్వం అనగానే కొరడా, సంకెళ్లు గుర్తొస్తాయి. అవి నిజంగానే ఉన్నాయి. అయితే కొరడా పైకి లేవని రోజు కూడా బానిస రోజే. ఆ రోజులో ఏ గంట ఎవరిది అని అడుగుతూ పోతే ఆ వ్యవస్థ ఎలా నడిచిందో కొంత బోధపడుతుంది. ఇవాళ ఆ గంటల లెక్కే మీతో పంచుకుంటాను.

ముందు కొన్ని అంకెలు. 1619 ఆగస్టులో వర్జీనియాలోని పాయింట్ కంఫర్ట్ రేవులో ఒక ఇంగ్లీషు ఓడ ఇరవై మందికి పైగా ఆఫ్రికన్లని దించి, బదులుగా తిండిసామాను ఎక్కించుకుంది. మొత్తం అట్లాంటిక్ బానిస వ్యాపారంలో ఓడలెక్కించింది సుమారు కోటి 25 లక్షల మందిని. దారిలోనే 18 లక్షల మంది దాకా చనిపోయారు. ఎక్కువమందిని బ్రెజిల్‌కి, కరీబియన్ దీవులకి పట్టుకెళ్లారు. నేరుగా ఇప్పటి అమెరికా గడ్డ మీదికి వచ్చినవాళ్లు 4 లక్షల లోపే. మరి 1860 జనాభా లెక్కల్లో అక్కడ బానిసల సంఖ్య 39 లక్షల 50 వేలు దాటింది. ఇంతమంది ఎక్కడి నుంచి వచ్చారు?

వాళ్లలో దాదాపు అందరూ అక్కడే పుట్టారు. 1662లో వర్జీనియా ఒక చట్టం చేసింది. తల్లి బానిస అయితే బిడ్డా బానిసే, తండ్రి ఎవరైనా సరే. తండ్రి యజమానే అయినా సరే. ఈ ఒక్క వాక్యంతో ఆడవాళ్ల కాన్పు యజమాని ఆస్తి లెక్కల్లోకి ఎక్కింది. ఇక ఆఫ్రికా నుంచి కొత్త మనుషుల్ని తేవడం 1808లో చట్టప్రకారం ఆగిపోయినా తోటల యజమానులకి ఇబ్బంది కలగలేదు.

ఇవన్నీ మనకి ఎలా తెలుసు? ఎక్కువగా ఆ బతుకు బతికినవాళ్లే రాసిపెట్టారు కాబట్టి. మేరీలాండ్‌లో పుట్టిన ఫ్రెడరిక్ డగ్లస్, న్యూయార్క్ రాష్ట్రంలో స్వేచ్ఛాపౌరుడిగా పుట్టి 1841లో వాషింగ్టన్‌లో కిడ్నాప్ అయి లూసియానాలో పన్నెండేళ్లు బానిసగా ఉన్న సాలమన్ నార్తప్, నార్త్ కరొలైనాకి చెందిన హారియట్ జేకబ్స్, వర్జీనియాలో పసివాడిగా ఉండగా విడుదలైన బుకర్ టి. వాషింగ్టన్. వీళ్లు తమ కథలు తామే చెప్పుకున్నారు. ఆ తర్వాత 1936 నుంచి 1938 మధ్య, ఇంకా బతికున్న ముసలివాళ్లని ప్రభుత్వ ఉద్యోగులు వెతికి పట్టుకుని 2,300 మందికి పైగా మాటలు రాసుకున్నారు. రాసుకున్నవాళ్లలో చాలామంది తెల్లవాళ్లు. అది జాతి వివక్ష చట్టాలు రాజ్యమేలుతున్న కాలం. కాబట్టి ఆ ముసలివాళ్లు కొన్ని మాటలు మింగేసి ఉంటారు. ఆ సంగతి మనసులో పెట్టుకునే వాటిని చదవాలి.

ఇక పత్తి చేను దగ్గరికి వెళ్దాం. నార్తప్ పనిచేసిన చోటు లూసియానాలో బయూ బెఫ్ అనే ప్రాంతం, యజమాని ఎడ్విన్ ఎప్స్. తెల్లవారడానికి గంట ముందే బూర ఊదేవాళ్లు. లేచి, మధ్యాహ్నానికి ఇంత తిండి, సొరకాయ బుర్రలో నీళ్లు పట్టుకుని చేలోకి పరుగు. వెలుతురొచ్చాక గుడిసెల దగ్గర ఎవరైనా కనపడితే దెబ్బలు తప్పవు. ఆగస్టు నెలాఖరు నుంచి పత్తి తీత. మెడకి పట్టీ వేసుకున్న గోనెసంచి, దాని మూతి రొమ్ము దగ్గర, అడుగు దాదాపు నేలని తాకుతూ. పత్తి తీసిన అనుభవం ఈ హాల్లో చాలామందికి ఉండే ఉంటుంది. గుంటూరు వైపైనా, వరంగల్ వైపైనా, ఆదిలాబాద్ వైపైనా అదే పని. పగిలిన కాయ అంచులు ఎండి ఎలా గుచ్చుకుంటాయో, సాయంత్రానికి నడుము ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. ఆ పని వెలుతురు రాగానే మొదలై చీకటి పడేదాకా, మధ్యలో చల్లారిన పందిమాంసం ముక్క మింగడానికి పదీ పదిహేను నిమిషాలు తప్ప విరామం లేకుండా సాగేది. పున్నమి రోజుల్లో వెన్నెల ఉంది కదా అని అర్ధరాత్రి దాకా కూడా చేలోనే ఉంచేవాళ్లు.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలవరపెట్టేది ఆ చేలో ఉన్న కాటా. కొత్తగా వచ్చిన మనిషిని మొదటి రోజు కొరడాతో అదిలిస్తూ, ఒంట్లో ఉన్న శక్తంతా పెట్టించి పత్తి తీయించేవాళ్లు. రాత్రి తూకం వేసేవాళ్లు. ఎంత తూగితే అంత అతని లెక్క. ఆ రోజు నుంచి ప్రతి రాత్రీ అంత తూగాలి. తగ్గితే బద్ధకించాడని దెబ్బలు. మామూలు మనిషికి రోజుకి 200 పౌండ్లు, అంటే 90 కిలోలు. సరే, ఒక రోజు చేను బాగా కాసి పది ఇరవై పౌండ్లు ఎక్కువ తీశాడనుకోండి. మెచ్చుకోరు. మర్నాటి నుంచి అతని లెక్క పెరుగుతుంది. తక్కువ తీసినా నష్టమే, ఎక్కువ తీసినా నష్టమే. అందుకే పత్తి తూచి గింజ తీసే జిన్ను షెడ్డు వైపు ఎప్పుడూ భయంతోనే నడిచేవాళ్లని నార్తప్ రాశాడు. పగలంతా వెనకబడతానేమో అని ఒక భయం. సాయంత్రం కాటా దగ్గర ఒక భయం. పడుకున్నాక పొద్దున లేవలేనేమో అని ఇంకో భయం. నిద్రలో కూడా ఆ మనిషి యజమాని డ్యూటీలోనే ఉన్నాడు.

తూకం అయ్యాక పని అయిపోయిందనుకోకండి. కంచరగాడిదలకి మేత, పందులకి తిండి, కట్టెలు కొట్టడం. అవన్నీ ముగిశాక గుడిసెకి వచ్చి, నిప్పు రాజేసి, చిన్న తిరగలిలో మొక్కజొన్న విసురుకుని, ఆ పిండిని నీళ్లతో కలిపి బూడిదలో కాల్చుకోవాలి. మర్నాటి మధ్యాహ్నానికీ అప్పుడే చేసుకోవాలి. అంతా అయ్యేసరికి నడిరాత్రి. నార్తప్ పడక పన్నెండు అంగుళాల వెడల్పు, పదడుగుల పొడవు ఉన్న ఒక చెక్క. తలకింద కర్రముక్క.

ఈ చాకిరీ వెనక ఒక మెషీన్ ఉంది. 1793లో ఇలై విట్నీ జిన్నింగ్ మెషీన్ తయారుచేశాడు. గింజ తీసే పని తేలికైంది కాబట్టి కష్టం తగ్గాలి కదా. జరిగింది తలకిందులు. గింజ తీయడం తేలికైతే ఎంత పండించినా అమ్ముకోవచ్చు, పండించాలంటే చేతులు కావాలి. 1860 నాటికి అమెరికా ఎగుమతుల్లో సగానికి పైగా పత్తే. ఇంగ్లండులో లాంకషైర్ మిల్లులకి వచ్చే పత్తిలో దాదాపు నాలుగింట మూడు వంతులు ఈ చేతులు తీసినదే.

గుడ్డ సంగతి వచ్చింది కాబట్టి మన తీరానికి సంబంధించిన ఒక విషయం చెప్పాలి. 18వ శతాబ్దంలో పశ్చిమ ఆఫ్రికాలో మనుషుల్ని కొన్న యూరప్ వర్తకులు తుపాకులు, సారా, ఇనుముతోపాటు పెద్ద ఎత్తున నూలు గుడ్డలు ఇచ్చేవాళ్లు. అందులో మన దేశపు గుడ్డలకి గిరాకీ ఎక్కువ. కోరమండల్ తీరం పొడవునా నేసిన గుడ్డలు యూరప్ వెళ్లి, అక్కడి నుంచి ఆఫ్రికా రేవులకి చేరేవి. వర్తకులు కొన్ని రకాలని గినియా గుడ్డ అనే పిలిచేవాళ్లు. మగ్గం మీద కూర్చున్న నేతగాడికి తన గుడ్డ దేనికి మారకం అవుతోందో తెలిసే దారే లేదు, అతన్ని తప్పుపట్టలేం. కానీ ఈ చరిత్ర మనకి సంబంధం లేని చరిత్ర అని మాత్రం అనుకోకండి.

పత్తి ఒక్కటే కాదు. సౌత్ కరొలైనా, జార్జియా తీరాల్లో వరి ఉండేది. తీరం దగ్గరి చిత్తడి నేలల్ని వరి మళ్లుగా మార్చడంలో పశ్చిమ ఆఫ్రికా నుంచి తెచ్చినవాళ్ల అనుభవం పనికొచ్చింది. రోట్లో రోకలితో దంచడం, గడ్డితో చుట్టలు చుట్టి అల్లిన చేటల్లో చెరగడం వాళ్ల ఊళ్ల పద్ధతులే. ఆ అల్లిక బుట్టలు ఇవాళ్టికీ చార్ల్‌స్టన్‌లో వాళ్ల వారసులు అల్లి అమ్ముతున్నారు. వరి పొలాల్లో రోజుకి ఇంత అని పని కొలిచి ఇచ్చేవాళ్లు, చాలాచోట్ల ఎకరంలో పావు వంతు. అది ముగిస్తే మిగిలిన పొద్దు నీది. వినడానికి మేలే అనిపిస్తుంది. ఒంట్లో సత్తువ ఉన్నవాళ్లకి కొంత మేలే కూడా, ఆ పొద్దులో తమకంటూ నాలుగు కూరగాయలు వేసుకునేవాళ్లు, కోళ్లు పెంచుకునేవాళ్లు. కానీ మోకాలి లోతు బురద, దోమలు, జ్వరాలు. కడుపుతో ఉన్న మనిషికి ఆ పావు ఎకరం ఎప్పటికి ముగుస్తుంది?

దీనికి సాక్ష్యం ఉంది. ఫ్యానీ కెంబుల్ అనే ఇంగ్లీషు నటి, పియర్స్ బట్లర్ అనే అమెరికన్‌ని పెళ్లి చేసుకుంది. 1838–39 చలికాలంలో జార్జియా తీరంలోని భర్త తోటలకి వెళ్లింది. అక్కడి ఆడవాళ్లు ఆమె దగ్గరికి వచ్చి తమ మొర చెప్పుకున్నారు, ఆమె డైరీలో రాసుకుంది. తన పేరే ఉన్న ఫ్యానీ అనే బానిస స్త్రీకి ఆరుగురు పిల్లలు, ఒక్కరు తప్ప అందరూ పోయారు, పొలం పని కాస్త తగ్గించమని అడగడానికి వచ్చింది. లేయాకి ఆరుగురు, ముగ్గురు పోయారు. నానీకి ముగ్గురు, ఇద్దరు పోయారు. నానీ అడిగింది ఒక్కటే: కాన్పయిన మూడు వారాలకే పొలానికి పంపే నియమం మార్చమని. మన ఇళ్లల్లో బాలింతని ఎన్నాళ్లు గాలి కూడా తగలకుండా చూసుకుంటారో తల్చుకోండి. నానీ అడిగింది మరికొన్ని రోజులు. ఆ రోజులు ఇచ్చే అధికారం కెంబుల్‌కీ లేదు.

చరిత్రకారుల అంచనా ప్రకారం అమెరికాలో బానిస తల్లులకి పుట్టిన బిడ్డల్లో దాదాపు సగంమంది ఏడాది నిండకముందే చనిపోయారు. నెలలు నిండేదాకా చేలో పని, పోషణ లేని తిండి, ఆ తర్వాత పాలివ్వడానికి తల్లికి ఖాళీ లేకపోవడం. పసివాళ్లని ముసలమ్మలకో, ఏడెనిమిదేళ్ల అక్కలకో అప్పజెప్పి తల్లులు పనికి పోయేవాళ్లు.

తిండి, బట్టల గురించి డగ్లస్ లెక్క రాసిపెట్టాడు. పెద్ద మనిషికి నెలకి ఎనిమిది పౌండ్ల పందిమాంసం లేదా అంత చేపలు, ఒక బుషెల్, అంటే సుమారు 35 లీటర్ల కొలత, మొక్కజొన్న పిండి. ఏడాదికి రెండు ముతక చొక్కాలు, రెండు లాగూలు, ఒక కోటు, ఒక జత మేజోళ్లు, ఒక జత బూట్లు. అన్నీ కలిపి ఏడు డాలర్లు దాటవు. పనికి రాని వయసు పిల్లలకి బూట్లు, లాగూలు, కోట్లు ఏవీ లేవు. ఏడాదికి రెండు చొక్కాలు, అంతే. అవి చిరిగిపోతే మళ్లీ ఇచ్చేదాకా ఒంటిమీద బట్ట ఉండదు. మంచు కురిసే చోట! డగ్లస్ చలికి తట్టుకోలేక మొక్కజొన్న మోసే గోనెసంచి దొంగిలించి, అందులో తల దూర్చి పడుకునేవాడు. పాదాలు బయటే ఉండేవి. పెద్దయ్యాక ఆ సంగతి రాస్తూ, నా పాదాల పగుళ్లలో ఇప్పుడు నేను రాస్తున్న ఈ కలం పట్టేది అన్నాడు. పిల్లలకి తిండి ఒక చెక్క తొట్టిలో పోసేవాళ్లు, ఉడికించిన మొక్కజొన్న సంకటి. ఆల్చిప్పతో కొందరు, వట్టి చేత్తో కొందరు. ఎవరు తొందరగా తింటే వాళ్లకి ఎక్కువ.

చొక్కా గురించి బుకర్ వాషింగ్టన్ చెప్పిన సంగతి నేను చదివిన దగ్గర్నుంచి నన్ను వదల్లేదు. అవిసె నార పీచులో చివరికి మిగిలే చెత్తతో నేసిన చొక్కా అది. కొత్తది తొడుక్కుంటే ఒళ్లంతా సూదులతో గుచ్చినట్టుండేది, పసివాడి చర్మం కదా. అది వేసుకో, లేదా బట్టలు లేకుండా ఉండు. అప్పుడు అతని అన్న జాన్ తమ్ముడి కొత్త చొక్కా తీసుకుని కొన్నాళ్లు తాను తొడుక్కుని, దాన్ని మెత్తబరిచి ఇచ్చేవాడు. జాన్‌కీ చిన్న వయసే. బానిసలుగా పుట్టినవాళ్లలో ఒకరికొకరు చేసుకున్న మేలు గురించి తాను విన్నవాటిలో ఇది చాలా గొప్పదని బుకర్ రాశాడు.

ఇంట్లో పనిచేసేవాళ్లకి చేలో వాళ్లకంటే హాయి అన్న మాట తరచూ వింటాం. నేను ఒప్పుకోను. తిండి కాస్త మెరుగు, ఎండ తక్కువ, సరే. కానీ చేలో మనిషికి రాత్రి గుడిసె ఉంది. ఇంట్లో మనిషికి చాలాచోట్ల అదీ లేదు, యజమానురాలి మంచం దగ్గర నేలమీద పడుకోవాలి, పిలిస్తే లేవాలి. ఆడపిల్ల అయితే ఇంకో భయం. హారియట్ జేకబ్స్‌ని పదిహేనో ఏట నుంచే ఇంటి యజమాని వెంటాడాడు. చివరికి ఆమె అమ్మమ్మ ఇంటి కప్పు కింద తొమ్మిదడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు, ఎత్తైన చోట కూడా మూడడుగులే ఉన్న అటకలో దాక్కుంది. దాదాపు ఏడేళ్లు అక్కడే. గోడకి తొలిచిన చిన్న రంధ్రం లోంచి కింద ఆడుకునే తన పిల్లల్ని చూసేది. అమ్మ అక్కడుందని పిల్లలకి చాలాకాలం చెప్పలేదు. 1842లో బానిసత్వం లేని ఉత్తరాదికి తప్పించుకుంది.

మిస్సౌరీలో సీలియా అనే పిల్లని సుమారు పధ్నాలుగేళ్ల వయసులో ఒక ముసలి రైతు కొన్నాడు. ఐదేళ్లు ఆమెని చెరిచాడు. 1855లో ఒక రాత్రి ఆమె కర్రతో కొట్టి అతన్ని చంపింది. ఆడవాళ్లు మానం కాపాడుకోవడానికి ఎదురు తిరిగే హక్కు ఆ రాష్ట్ర చట్టంలో ఉంది. బానిసకి అది వర్తించదంది కోర్టు. డిసెంబరులో ఉరి తీశారు.

ఆదివారాలు సెలవే కదా అంటారు. నార్తప్ ఉన్న తోటలోనే ప్యాట్సీ అనే అమ్మాయి ఉండేది. రోజుకి 500 పౌండ్ల పత్తి తీసేదని రాశాడు, అంటే 225 కిలోలు, అందరికంటే వేగం. యజమాని కన్ను ఆమె మీద, యజమానురాలి కక్ష కూడా ఆమె మీదే. ఒంటికి రాసుకునే సబ్బు కూడా ఇవ్వనిచ్చేది కాదు. ఒక ఆదివారం బట్టలు ఉతుక్కునే రోజున ప్యాట్సీ కనపడలేదు. పక్క తోటకి వెళ్లి ఒక సబ్బు బిళ్ల అడిగి తెచ్చుకుంది. తిరిగొచ్చాక యజమాని నేలలో నాలుగు గుంజలు పాతించి, ఆమె చేతులు కాళ్లు వాటికి కట్టించి, నార్తప్ చేతికే కొరడా ఇచ్చి కొట్టమన్నాడు. ముప్పై దెబ్బలు దాటాక కూడా ఆపనివ్వలేదు. చివరికి నార్తప్ కొరడా కింద పడేసి, ఇక కొట్టనన్నాడు. అప్పుడు యజమానే అందుకున్నాడు. ఆదివారం పగలు సబ్బు కోసం ఒక గంట తనదనుకుంది, అదే ఆమె చేసిన నేరం.

ఇందాక హాల్లోకి వస్తుంటే ఒక పెద్దాయన అడిగారు, మన తెలంగాణలో వెట్టిచాకిరీ ఇలాంటిదే కదా అని. అయ్యా, వెట్టి చేసినవాళ్ల కన్నీళ్లు తక్కువవి కావు. మన దేశంలో మనుషుల్ని కొనడం అమ్మడం కూడా ఉండేది, దాని మీద బ్రిటిష్ ఇండియాలో 1843లో చట్టం వచ్చింది. ఒకదాన్ని చూపించి ఇంకోదాన్ని చిన్నది చేయడం నాకిష్టం లేదు. తేడా ఎక్కడంటే, అమెరికాలో మనిషిని తాకట్టు పెట్టొచ్చు, అప్పు కింద జప్తు చెయ్యొచ్చు, వీలునామాలో రాయొచ్చు, వెయ్యి మైళ్ల దూరంలో అమ్మొచ్చు. బ్యాంకులు, కోర్టులు, ఇన్సూరెన్సు కంపెనీలు అందులో ఉన్నాయి. ఆ మార్కెట్ పరిమాణమే వేరు.

ఎంత పెద్దదంటే, 1790 నుంచి 1860 దాకా వర్జీనియా, మేరీలాండ్ లాంటి పాత రాష్ట్రాల నుంచి దక్షిణాది పత్తి రాష్ట్రాలకి సుమారు పది లక్షల మందిని తరలించారు. ఎక్కువమంది అమ్ముడుపోయి వెళ్లారు. కొందరు గొలుసులతో కట్టేసిన వరసల్లో నడిచి, కొందరు ఓడల్లో న్యూ ఆర్లియన్స్‌కి. పెళ్లిళ్లకి చట్టంలో విలువ లేదు. కొందరు పాస్టర్లు ‘మరణం గానీ దూరం గానీ విడదీసేదాకా’ అని ప్రమాణం చేయించేవాళ్లు. జనవరి 1న మనుషుల్ని ఏడాది అద్దెకి ఇవ్వడాలు, అమ్మకాలు జరిగేవి కాబట్టి తల్లులు డిసెంబరు 31 రాత్రి పిల్లల్ని పట్టుకుని కూర్చునేవాళ్లని జేకబ్స్ రాసింది.

ఇందాక చెప్పిన బట్లర్ తోట గుర్తుందా? బట్లర్ ఫ్యానీ కెంబుల్ నుంచి విడాకులు తీసుకున్నాడు. అతను జూదంలో, షేర్లలో అప్పులపాలయ్యాడు. అప్పు తీర్చడానికి 1859 మార్చి 2, 3 తేదీల్లో సవానా ఊరి గుర్రప్పందేల మైదానంలో తన మనుషుల్ని వేలానికి పెట్టాడు. 430 మందికి దగ్గరగా అమ్ముడుపోయారు, 3 లక్షల డాలర్లకి పైగా వచ్చాయి. వేలానికి ముందు కొన్నాళ్లు వాళ్లని గుర్రాల కొట్టాల్లో ఉంచారు. కొనేవాళ్లు వచ్చి నోళ్లు తెరిచి పళ్లు చూసేవాళ్లు, నడిపించి చూసేవాళ్లు. రెండు రోజులూ వాన. తరతరాలుగా కలిసి బతికిన మనుషులు రెండు రోజుల్లో చెదిరిపోయారు. ఇరవై ఏళ్ల కిందట నానీకి, లేయాకి బతికిన పిల్లలు ఉన్నారు కదా. వాళ్ల ఈడు మనుషులే ఆ కొట్టాల్లో నిలబడ్డారు.

ఇంతవరకు యజమాని గంటలు చెప్పాను. వాళ్లకి మిగిలినది రాత్రి. అదీ పూర్తిగా వాళ్లది కాదు. చీటీ లేకుండా తోట దాటితే గస్తీ తిరిగే తెల్లవాళ్లు పట్టుకుని కొట్టేవాళ్లు. అయినా ఆ రాత్రుల్లో ఏం చేశారో చూస్తే నాకు గౌరవంతో మాట రాదు.

డగ్లస్‌ని తల్లి నుంచి పసిగుడ్డుగా ఉన్నప్పుడే వేరు చేశారు. ఆమెని పన్నెండు మైళ్ల దూరంలో ఇంకో రైతుకి అద్దెకి ఇచ్చారు. పగలంతా చేలో పనిచేసి, చీకటి పడ్డాక ఆ పన్నెండు మైళ్లు, అంటే సుమారు 19 కిలోమీటర్లు, నడిచొచ్చి, కొడుకు పక్కన పడుకుని నిద్రపుచ్చి, అతను లేచేలోపే మళ్లీ నడిచి వెళ్లిపోయేది. సూర్యోదయానికి చేలో లేకపోతే దెబ్బలు. జీవితం మొత్తం మీద అలా నాలుగైదు సార్లే ఆమెని చూశానని, ప్రతిసారీ రాత్రేనని, వెలుతురులో ఆమెని చూసిన గుర్తే లేదని డగ్లస్ రాశాడు. అతనికి ఏడేళ్లప్పుడు ఆమె చనిపోయింది. చూడ్డానికి పంపలేదు.

పగలు యజమాని ఏర్పాటు చేసిన పాస్టరు, ‘సేవకులారా, మీ యజమానులకి లోబడి ఉండండి’ అని చెప్పేవాడు. రాత్రి వాళ్లే అడవిలోకి, వాగు పక్కకి వెళ్లి తమ ప్రార్థన తాము చేసుకునేవాళ్లు. శబ్దం బయటికి పోకుండా ఇనుప కుండ బోర్లించి పెట్టేవాళ్లమని 1930లలో మాట్లాడిన ముసలివాళ్లలో ఎంతమందో చెప్పారు. తడిపిన బొంతలు చుట్టూ వేలాడదీసేవాళ్లమని కొందరన్నారు. కుండ శబ్దాన్ని ఆపుతుందా అని అడగొద్దు. వాళ్లు దాన్ని నమ్మారు. బైబిల్లో ఇశ్రాయేలు ప్రజలు బానిసత్వం వదిలి ఐగుప్తు (ఈజిప్టు) దాటి వెళ్లిన కథ యజమానులకి నచ్చేది కాదు. వీళ్లు పాడుకున్నది ఆ కథే.

చదువు కూడా రాత్రి పనే. సౌత్ కరొలైనాలో 1739 స్టోనో తిరుగుబాటు తర్వాత 1740 చట్టం బానిసలకి రాత నేర్పడాన్ని నిషేధించింది. 1831లో వర్జీనియాలో నాట్ టర్నర్ తిరుగుబాటు తర్వాత ఇలాంటి చట్టాలు ఇంకా బిగిశాయి. డగ్లస్‌కి బాల్టిమోర్‌లో యజమానురాలు అక్షరాలు మొదలుపెట్టింది, భర్త ఆపించాడు. చదువొస్తే వీడు బానిసగా పనికిరాడన్నాడు. ఆ మాట విన్నాకే డగ్లస్‌కి దారి తెలిసింది. జేబులో రొట్టె పెట్టుకుని వీధిలో పేద తెల్ల పిల్లలకి ఇచ్చి, బదులుగా అక్షరాలు చెప్పించుకున్నాడు. నార్తప్ తనకి రాత వచ్చన్న సంగతే దాచిపెట్టాడు. తెల్ల మేపుల్ చెట్టు బెరడు ఉడికించి సిరా చేసుకున్నాడు, బాతు ఈకతో కలం. అందరూ నిద్రపోయాక నిప్పుల వెలుతురులో ఉత్తరం రాశాడు. నమ్మిన మనిషి మోసం చేస్తే దాన్ని కాల్చేయాల్సి వచ్చింది. ఆ తర్వాత కెనడాకి చెందిన ఒక వడ్రంగి ఉత్తరాలు పోస్టు చేసి పెడితే 1853 జనవరిలో బయటపడ్డాడు. ప్యాట్సీ అక్కడే ఉండిపోయింది.

1865 డిసెంబరులో అమెరికా రాజ్యాంగానికి పదమూడో సవరణతో బానిసత్వం చట్టప్రకారం పోయింది. ఆ తర్వాత వచ్చిన కౌలు అప్పులు, ఊచకోతలు, వివక్ష చట్టాలు ఇంకో ప్రసంగానికి సరిపోయే విషయం. గంటలు తమ చేతికి రాగానే వాళ్లు ఏం చేశారో మాత్రం చెప్తాను. చాలామంది నడవడం మొదలుపెట్టారు, అమ్ముడుపోయిన వాళ్లని వెతుక్కుంటూ. పేపర్లలో ప్రకటనలు వేశారు: మా అమ్మ పేరు ఇది, ఫలానా ఏడాది ఫలానా వాళ్లకి అమ్మారు, తెలిస్తే చెప్పండి అని. నలభై ఏళ్ల తర్వాత కూడా ఆ ప్రకటనలు ఆగలేదు. జంటలు వెళ్లి పెళ్లి రిజిస్టరు చేయించుకున్నాయి. ముసలివాళ్లు చనిపోయేలోపు బైబిలు చదవాలని రాత్రిబడుల్లో చేరారని బుకర్ రాశాడు. చాలామంది ఆడవాళ్లు చేలోకి వెళ్లడం మానేశారు. పనివాళ్లు దొరకడం లేదని, ఈ ఆడవాళ్లు దొరసానుల్లా ఇంట్లో కూర్చుంటున్నారని పాత యజమానులు వాపోయారు.

పట్నాల్లో ఎక్కువమంది బట్టలుతికే పని ఎంచుకున్నారు. గాడిద చాకిరీ అది, నీళ్లు మోయాలి, సబ్బు తామే చేసుకోవాలి. కానీ తమ ఇంటి పెరట్లో, తమ పిల్లల మధ్య, ఎవరూ నెత్తిన నిలబడకుండా చేసుకోవచ్చు. ఇవాళ మన తెలుగువాళ్లు వేలమంది ఉంటున్న అట్లాంటాలోనే, 1881 జులైలో ఇరవై మంది చాకలి ఆడవాళ్లు సంఘం పెట్టి సమ్మెకి దిగారు. డజను పౌండ్ల బట్టలకి ఒక డాలరు ఇవ్వాలి, రేటు మేమే చెప్తాం అన్నారు. మూడు వారాల్లో సమ్మెలో ఉన్నవాళ్లు 3,000 మందయ్యారు. అరెస్టులు చేశారు, జరిమానాలు వేశారు. ఒక్కొక్కరి మీద ఏడాదికి 25 డాలర్ల లైసెన్సు ఫీజు వేస్తామని నగర కౌన్సిల్ బెదిరించింది. వాళ్లు మేయరుకి ఉత్తరం రాశారు: ఫీజు కట్టడానికి మేం సిద్ధం, కానీ అప్పుడు ఊళ్లో ఉతుకుడు పనంతా మా చేతుల్లోనే ఉండాలి అని. కౌన్సిల్ ఆ ఫీజు ఆలోచన మానుకుంది. ఆ సమ్మె చేసినవాళ్లలో పెద్ద వయసువాళ్లు చాలామంది బానిసలుగా పుట్టినవాళ్లే.